సరంగు

సరంగు అంటే పడవను గాని ఓడను గాని నడిపించేవాడు, దాని మీది పనివాళ్లకు పెద్ద. నాగార్జునసాగర్ జలాశయంలో నాగార్జునకొండకు లాంచీ తీసుకెళ్లేవాడు సరంగు. పాపికొండల మధ్య యాత్రికుల బోటు నడిపేవాడు సరంగు. వెనకటికి రంగూను వెళ్లే స్టీమరు మీద కళాసీలకు, అంటే ఓడ పనివాళ్లకు, పని పురమాయించిన పెద్దా సరంగే. సారంగు అని దీర్ఘంతో రాసేవాళ్లూ ఉన్నారు. లేడి అనే అర్థమున్న సారంగంతోను, సారంగి వాద్యంతోను దీనికి చుట్టరికం లేదు.

నావికుడు, పడవవాడు, సరంగు అనే మూడు మాటలను ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. అది సరికాదు. నావికుడు సంస్కృతం నుంచి వచ్చిన గౌరవ పదం. నౌకాదళంలో పనిచేసేవారికీ, కొలంబస్ లాంటి వారికీ పుస్తకాల్లో అదే వాడతారు. పడవవాడు ఏటి ఒడ్డున పిలిచే మాట. గడ వేసేవాడైనా తెడ్డు వేసేవాడైనా పడవవాడే. సరంగు మాత్రం హోదాను చెప్పే మాట. పడవలో పదిమంది పనివాళ్లున్నా సరంగు ఒక్కడే. ఎందరిని ఎక్కించుకోవాలి, కట్టు ఎప్పుడు విప్పాలి, గాలి తిరిగితే ఏ ఒడ్డుకు చేర్చాలి అన్నవి తేల్చేది అతనే. ఆ నిర్ణయానికి జవాబు చెప్పవలసిందీ అతనే. తెలుగులో నీటి మీది పనికి సంబంధించిన మాటల్లో ఇంతటి బరువు మోసేది ఇంకొక్కటే కనిపిస్తుంది: చేపల వేట బోటుకు పెద్దను చెప్పే తండేలు. సరదాకూ పోటీకీ తెరచాప పడవలు నడిపే యాట్ సెయిలర్లలో పెద్దకు తెలుగులో ఏ మాట వాడాలన్న ప్రశ్న వచ్చినప్పుడు కూడా ఈ పాత మాటల వైపే చూడాలి.

పుట్టుక

ఫారసీలో సర్ అంటే తల, పెద్ద. మన సర్దారులోనూ సర్కారులోనూ ఉన్నది ఆ సర్ అనేదే. సర్‌హంగ్ అంటే దండుకు నాయకుడు. ఇరాన్ సైన్యంలో కల్నల్ స్థాయి అధికారిని ఇవాళ్టికీ ఆ పేరుతోనే పిలుస్తారు. దండులో పుట్టిన ఈ మాట హిందూ మహాసముద్రంలో తిరిగే ఓడలెక్కి సరంగు అయింది. లష్కర్ కథా ఇంతే. సైన్యం అనే అర్థం కాస్తా ఓడ కూలీగా మారి, ఇంగ్లీషువాళ్ల నోట లాస్కర్ అయింది. చుక్కాని అరబ్బీ సుక్కాన్ నుంచి వచ్చింది, లంగరు ఫారసీ నుంచి వచ్చింది. మలయాళంలో స్రాంక్, బెంగాలీలో సారెంగ్ అన్నవి మన సరంగుకు తోబుట్టువులు. బెంగాలీ రచయిత షహీదుల్లా కైసర్ 1962లో రాసిన ‘సారెంగ్ బౌ’ నవల ఓడెక్కిపోయిన సరంగు భార్య కథ. 1978లో బంగ్లాదేశ్‌లో సినిమాగా కూడా వచ్చింది.

సరంగు చేసే పనేమిటో స్పష్టంగా రాసిపెట్టిన పాత గ్రంథం అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’. పదహారో శతాబ్దం చివర రాసిన ఆ గ్రంథంలో పెద్ద ఓడల మీది ఉద్యోగుల జాబితా ఉంది. ఓడ ఎటు పోవాలో నిర్ణయించే యజమాని నఖుదా. లోతులూ నక్షత్రాలూ తెలిసి దారి చూపేవాడు ముఅల్లిం. కళాసీల పెద్ద తండేల్. ఓడను రేవుకు చేర్చడం, రేవు నుంచి కదిలించడం చూసేవాడు సర్‌హంగ్. చాలాసార్లు ముఅల్లిం పని కూడా అతనే చేసేవాడు. సామాన్ల గదికి భండారీ, లెక్కలకూ ప్రయాణికులకు నీళ్లు పంచడానికీ కర్రానీ, చుక్కాని పట్టడానికి సుక్కాన్‌గీర్, స్తంభం మీదికెక్కి దూరం చూడటానికి పంజరీ ఉండేవారు. లోపలికి ఊరిన నీళ్లు తోడిపోయడానికీ, ఫిరంగి పేల్చడానికీ వేర్వేరు మనుషులు. అందరి కింద మామూలు ఓడ పనివాళ్లు. ఓడ ఎంత పకడ్బందీ వ్యవస్థగా నడిచేదో ఈ జాబితా చూస్తే తెలుస్తుంది. వీటిలో సరంగు, తండేలు, కళాసీ, చుక్కాని అనే నాలుగు మాటలు ఇప్పటికీ తెలుగువాళ్ల నోట ఉన్నాయి.

ఈ మాటలు తెలుగులోకి ఏ రేవు గుండా వచ్చాయని అడిగితే ముందు చెప్పుకోవలసింది మచిలీపట్నం. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం అదే. ఫారసీ మాట్లాడే వర్తకులు, ఓడ యజమానులు అక్కడ స్థిరపడి పర్షియా, అరకాన్, పెగూ తీరాలకు ఓడలు నడిపారు. 1605లో డచ్చివాళ్లు అదే రేవుకు వచ్చి మరుసటి ఏడాది వర్తకశాల పెట్టుకున్నారు. వాళ్ల కంపెనీ తన ఓడల్లో చిన్నవాటిని, వేగంగా పోయేవాటిని ‘యాహ్ట్’ అనే తరగతిగా లెక్క రాసుకునేది. డచ్చిలో ఆ మాటకు వేట అని అర్థం. తరుముకుపోయే ఓడ కాబట్టి ఆ పేరు. 1660లో డచ్చివాళ్లు ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు ‘మేరీ’ అనే అలాంటి ఓడను కానుకగా ఇచ్చాక అది రాజుల షికారు పడవగా పేరు తెచ్చుకుంది, ఇంగ్లీషులో యాట్ అయింది. అంటే యాట్ అనే మాట విలాసానికి మారుపేరు కాకముందే ఆ తరగతి ఓడలు సరకుల పని మీద కృష్ణా ముఖద్వారానికి వచ్చాయి. వాటి సరుకును ఒడ్డుకు చేర్చడానికి మన సరంగులు, తండేళ్లే కావలసి వచ్చారు. కెరటాలు విరిగే ఈ తీరంలో పెద్ద ఓడ దూరంగా లంగరు వేసుకుని ఆగిపోయేది. మేకులు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసులా పడవలు వెళ్లి సరుకునూ మనుషులనూ దింపుకుని వచ్చేవి. ఆ పడవ వెనక నిలబడి అల లెక్క చూసి తెడ్లు వేయించేవాడు తండేలు. మేకులు కొట్టిన గట్టి పడవ ఆ అలల దెబ్బకు బద్దలయ్యేది. కుట్టు పడవ వంగి తట్టుకునేది.

అంతకుముందటి మాటలు

ఫారసీ మాటలు రాకముందు తెలుగువాళ్లకు ఓడలు తెలియవనుకుంటే పొరపాటు. శాతవాహనుల నాణేల్లో రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉన్నవి కోరమాండల్ తీరంలో దొరికాయి. గ్రీకు భూగోళవేత్త టాలెమీ కృష్ణానదిని మైసోలోస్ అన్నాడు. తూర్పు దేశాలకు వెళ్లే ఓడలు ఈ తీరంలోనే ఒక చోట ఒడ్డు వదిలి నడిసముద్రంలోకి తిరిగేవని రాశాడు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఓడ వర్తకుల కోసమే: గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకు రాజుది అయిపోదని, సుంకం మాత్రమే తీసుకుంటామని అందులో మాట ఇచ్చాడు.   

ఓడ, వాడ అనేవి ఒకే మాటకు రెండు రూపాలు. చీరాల దగ్గరి వాడరేవులో ఉన్నది ఆ వాడే. వాడబలిజ కులం పేరును కూడా దానితోనే ముడిపెడతారు. కలము అన్నా ఓడే. రెండు దోనెలను పక్కపక్కన కలిపి కడితే సంగడి. గ్రీకు నావికుల ‘పెరిప్లస్’లో కోరమాండల్ రేవుల దగ్గర కనిపించిన ‘సంగర’ అనే జంట పడవ ఈ సంగడేనని పండితుల అభిప్రాయం. దుంగలు కలిపి కట్టినది తెప్ప, తోలు కప్పిన గుండ్రటి బుట్ట పుట్టి, బండ్లనూ పశువులనూ దాటించేది బల్లకట్టు. దోనెకూ తెప్పకూ నడిపేవాడొకడే గనుక అతనికి ప్రత్యేకమైన హోదా పేరు అక్కర్లేకపోయింది. పదిమందో పాతికమందో కలిసి నడిపే ఓడ వచ్చినప్పుడే వాళ్లలో ఒకడికి పెద్దరికం ఇవ్వవలసి వచ్చింది. సరంగు అనే మాట మనకు అవసరమై వచ్చింది తప్ప మోజు పడి తెచ్చుకున్నది కాదు.

తండేలు

సరంగుకు తమ్ముడి వరస మాట తండేలు. పెద్ద ఓడల మీద అతని స్థానం సరంగు కిందే. చేపల వేటలో మాత్రం బోటుకు అతనే సర్వాధికారి. మరాఠీ, గుజరాతీల్లోనూ ఇదే మాట ఉంది. డామన్, వల్సాడ్ ప్రాంతాల్లో ఇంటిపేరుగా కూడా నిలిచింది. శ్రీకాకుళం జిల్లా తీరంలో ఈ మాట బలపడటానికి వలస ఒక కారణం. ఇక్కడి మత్స్యకారులు ఏటా నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వెళ్లి అక్కడి యజమానుల బోట్లలో పనిచేస్తారు. వేటకు వెళ్లే మనుషులను కుదిర్చేది, వల ఎక్కడ వేయాలో నిర్ణయించేది, అందరినీ తిరిగి రేవుకు చేర్చేది తండేలే.

2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు అరేబియా సముద్రంలో పాకిస్తాన్ అధికారుల చేతికి చిక్కారు. కరాచీ జైలులో ఏడాదికి పైగా ఉండి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా ఇళ్లకు చేరారు. ఆ ఉదంతం ఆధారంగా చందూ మొండేటి దర్శకత్వంలో నాగచైతన్య, సాయిపల్లవి నటించిన ‘తండేల్’ 2025 ఫిబ్రవరి 7న విడుదలైంది. అంతవరకు తీరం దాటి వినిపించని ఈ మాట ఆ తర్వాత సూర్యాపేట, కోదాడ సినిమా హాళ్ల గోడల మీదికి కూడా ఎక్కింది. ఒక వృత్తి పదం తెలుగు నేలంతటా ఇంత త్వరగా తెలిసిపోవడం అరుదు. అయితే తండేలు అంటే సాహసవంతుడైన జాలరి అని మాత్రమే చాలామందికి మిగిలిపోతుందేమోనన్న భయం ఉంది. వెంట వచ్చినవాళ్ల కుటుంబాలకు జవాబు చెప్పుకోవలసినవాడు అన్నదే అందులోని అసలు అర్థం.

స్టీమర్ల కాలం

ఆవిరి ఓడలు వచ్చాక సరంగుకు అధికారం పెరిగింది. బ్రిటిష్ కంపెనీలు భారతీయ ఓడ కూలీలను ఒక్కొక్కరిగా కాక జట్లుగా తీసుకునేవి. ఆ జట్టును తెచ్చేది సరంగు. తన ఊరివాళ్లనూ బంధువులనూ పోగుచేసి, వాళ్లకు అడ్వాన్సులిచ్చి, ఓడ మీద వాళ్లతో పని చేయించి, కప్తానుకూ కూలీకీ మధ్య దుబాసీగా నిలిచేవాడు. డెక్కు మీద ఒక సరంగు, బొగ్గు కొలిమి దగ్గర ఇంకొక సరంగు ఉండేవారు. ఇందులో రక్షణ ఉంది, దోపిడీ కూడా ఉంది. భాష తెలియని పల్లెటూరి కుర్రాడికి లండను రేవులో దిక్కు సరంగే; ఆ కుర్రాడి జీతంలో వాటా మిగుల్చుకున్నదీ సరంగే. ఓడల చరిత్ర రాసేవాళ్లు ఈ రెండింటిలో ఒకదాన్నే పట్టుకుంటే సరంగు మనకు సగమే తెలుస్తాడు.

తెలుగువాళ్ల సంగతికొస్తే, గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1789, 1839 సంవత్సరాల తుపానులు దాన్ని తుడిచిపెట్టాయి. రేవు పోయినా పేరు మిగిలింది: బర్మా వెళ్లిన తెలుగువాళ్లందరినీ అక్కడ కోరంగీలనే పిలిచేవారు. రంగూను రేవులో సరుకు మోసే పని చాలాకాలం తెలుగు కూలీల చేతిలో ఉండేది. 1930 మే నెలలో వాళ్లు సమ్మె చేసినప్పుడు బర్మీయులను పనిలోకి తీసుకోవడం, సమ్మె ముగియగానే వాళ్లను తీసేయడం పెద్ద అల్లర్లకు దారితీసింది. ఆ రేవులో జట్టు పెద్దను మేస్త్రీ అనేవారు. అది పోర్చుగీసు మాట. ఒకే తరహా పెద్దరికానికి ఓడ మీద ఫారసీ పేరు, ఒడ్డు మీద పోర్చుగీసు పేరు పడ్డాయి. కళాసీ అనే మాటైతే ఓడ దిగి నేల మీదికి వచ్చేసింది. రైల్వేలో ఖలాసీ ఉద్యోగం ఉంది; ఉత్తరాంధ్ర పట్టణాల్లో బస్తాలు మోసే కార్మికులు కళాసీలు; దేశాన్ని కొలిచిన సర్వే బృందాల్లో పరికరాలు మోసినవాళ్లూ ఖలాసీలే.

కృష్ణ ఒడ్డున

సముద్రం లేని మెట్ట నేలలో సరంగు మాట ఎలా వాడతారో చూడటానికి ఆత్మకూర్ (ఎస్)ను తీసుకుందాం. ఆ పేరులోని ‘ఎస్’ సూర్యాపేటను సూచిస్తుంది; మోత్కూరు దగ్గరి ఆత్మకూర్ (ఎం)తో కలగలిసిపోకుండా ఉంచిన గుర్తు అది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో ఇది ఒక మండల కేంద్రం. సముద్రం ఇక్కడికి చాలా దూరం. ఇక్కడి నీళ్లు చెరువులవి, కాలువలవి. చెరువులో చేపలు పట్టే బెస్తలు, ముదిరాజులు తెప్ప మీదో పుట్టిలోనో వెళ్తారు. ఆ తెప్ప నడిపేవాణ్ని ఎవరూ సరంగు అనరు. అలా అనకపోవడమే సరైన వాడుక. అతను తన ప్రాణానికి తానే పూచీ, పరాయివాళ్లను ఎక్కించుకోడు. జిల్లా దక్షిణపు అంచుకు, అంటే కృష్ణ ఒడ్డుకు పోతే పరిస్థితి మారుతుంది. అక్కడ జనాన్ని దాటించేవాడు ఉన్నాడు.

మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి గుడి కృష్ణ ఒడ్డునే ఉంది. అవతలి ఒడ్డు పల్నాడు. రెండు వైపులా చుట్టరికాలున్న ఊళ్లు కాబట్టి పెళ్లికైనా తిరునాళ్లకైనా ఏరు దాటాల్సిందే. దాటించినవి పడవలు, బల్లకట్లు. ఇంకాస్త ఎగువన, మిర్యాలగూడ వైపు, మూసీ వచ్చి కృష్ణలో కలిసేచోట వాడపల్లి ఉంది. వజీరాబాద్ అన్నదీ దాన్నే. 4వ నంబరు జాతీయ జలమార్గాన్ని 2008లో ప్రకటించినప్పుడు అందులో కృష్ణానది భాగం ఈ వజీరాబాద్ నుంచే మొదలయ్యేది: అక్కడి నుంచి విజయవాడ దాకా 157 కిలోమీటర్లు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు బియ్యం మిల్లులకూ సిమెంటుకూ పేరుపడ్డాయి. ఆ సరుకు బరువంతా లారీలే మోస్తున్నాయి. నీటిదారి పూర్తిగా పనిలోకి వస్తే ఈ ఒడ్డున సరంగుల కొలువులు మళ్లీ పుడతాయి. వట్టి కాగితం మీది ఆశ కాదిది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా కాలువల మీద దశాబ్దాల తరబడి ధాన్యమూ మనుషులూ పడవల్లోనే ప్రయాణించారు. గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు.

మట్టపల్లి దిగువన చింతలపాలెం మండలంలో పులిచింతల ప్రాజెక్టు ఉంది. కె.ఎల్.రావు పేరు పెట్టిన ఆ జలాశయం సామర్థ్యం 45.77 టీఎంసీలు. దాని వెనుక నీటిలోనే అవతలి ఒడ్డున ఉన్న కొల్లూరు వజ్రాల గనులు మునిగాయి. ఎగువన నాగార్జునసాగర్ నీళ్లలో లోయ మునిగి, నాగార్జునకొండ లంకగా మిగిలింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట పొలాలకు నీళ్లివ్వడంతో పాటు ఇక్కడివాళ్లకు లాంచీనీ, లాంచీతోపాటు సరంగు అనే మాటనూ పరిచయం చేసింది. కొండ మీది మ్యూజియం చూడటానికి బడి పిల్లలు లాంచీలోనే వెళ్తారు. సముద్రం చూడని నల్లగొండ, సూర్యాపేట పిల్లల్లో చాలామందికి తెలిసిన మొదటి సరంగు ఆ లాంచీ నడిపే మనిషే.

ఏటి సరంగు విద్య సముద్రపు సరంగు విద్య కంటే తక్కువేమీ కాదు. సముద్రంలో భయపడవలసింది అలకు. ఏటిలో భయపడవలసింది కంటికి కనపడని అడుగుకు. నిరుడు లోతున్నచోట ఈ ఏడు ఇసుక మేట పడుతుంది. నున్నగా కనిపించే నీటి కింద బండ ఉంటుంది. వరద రోజుల్లో మలుపు దగ్గర సుడి ఎటు లాగుతుందో ఏ పటంలోనూ ఉండదు. జలాశయంలోనైతే మునిగిన చెట్ల మొదళ్లు, పాత గోడలు ఉంటాయి. సరంగు నీటి రంగు చూసి, నురగ గీత చూసి, ఇంజను చప్పుడులో తేడా విని లోతు కనిపెడతాడు. ఇది బడిలో వచ్చేది కాదు, పాత సరంగు పక్కన ఏళ్లు గడిపితే వచ్చేది.

అలాగని అనుభవం ఒక్కటే చాలదు. 1917 నాటి అంతర్గత జలనౌకల చట్టం సరంగు అనే హోదాను గుర్తించి, మాస్టర్లకు ఇచ్చినట్టే సరంగుకూ అర్హతా పత్రం ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ చట్టం స్థానంలో 2021లో కొత్తది వచ్చింది. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో యాత్రికుల బోట్లు మునిగాయి. ఆ రోజుల్లో ప్రతి తెలుగు పత్రికలోనూ సరంగు అనే మాట కనిపించింది. అయితే ఎంతసేపూ తప్పు చేసినవాడిగానే కనిపించింది. అనుమతి లేని బోటు, అందని లైఫ్ జాకెట్లు, వరద వడి, ఎక్కువ టిక్కెట్ల ఆశ అన్నీ వెనక్కిపోయి నెపం ఒక్కడి మీద పడింది. కచ్చులూరులో బోటు నడిపినవాళ్లూ బతకలేదు. బోటు కదలకూడదని సరంగు అన్నప్పుడు యజమాని వినితీరాలన్న పద్ధతి ఉన్నచోటే ఆ హోదాకు అర్థముంటుంది. ఆ పద్ధతి లేనిచోట అతనికి బాధ్యత అంటగట్టి అధికారం ఇవ్వకపోవడమే జరుగుతుంది.

యాట్ సెయిలర్లు

యాట్ నడిపేవాళ్లకు తెలుగులో స్థిరపడిన మాట సెయిలర్. పత్రికలు యాచ్ అనీ యాట్ అనీ రెండు రకాలుగా రాస్తున్నాయి. మనిషిని మాత్రం సెయిలర్ అనే రాస్తాయి. ఈ ఎంపిక ప్రపంచపు వాడుకతో సరిపోతుంది. 1907లో యాట్ పందేల సమాఖ్యగా మొదలైన అంతర్జాతీయ సంస్థ 1996లో యాట్ అనే మాటను వదిలి సెయిలింగ్ సమాఖ్య అయింది, 2015 నుంచి వరల్డ్ సెయిలింగ్. ఒలింపిక్స్‌లో కూడా 2000 నాటి సిడ్నీ క్రీడల నుంచి ఆ ఆట పేరు యాటింగ్ కాదు, సెయిలింగ్. యాట్ అనగానే కోటీశ్వరుడి విలాస నౌక గుర్తుకొస్తుంది కాబట్టి చిన్న డింగీలో తడిసి ముద్దయ్యే కుర్రాడికి ఆ మాట అతకదు. భారతదేశపు సమాఖ్య మాత్రం ఇప్పటికీ యాటింగ్ అసోసియేషన్ పేరుతోనే ఉంది. డింగీ అన్న మాట మన దేశపు డింగీ నుంచి, కాటమరాన్ తమిళుల కట్టుమరం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లినవేనని ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

తెలంగాణలో సెయిలింగ్‌కు ఇల్లు హుస్సేన్‌సాగర్. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1560ల మొదట్లో తవ్వించిన ఆ చెరువులో సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఏటా హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలు జరుపుతుంది. సుహీం షేక్ 2009లో స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ రసూల్‌పురా వంటి బస్తీల పిల్లలకు పడవ నేర్పడం మొదలుపెట్టింది. జూలైలో నైరుతి గాలి బలంగా వీచే రోజుల్లో మాన్సూన్ రెగట్టా నిర్వహిస్తుంది. నా దృష్టిలో ఈ ఆటకు తెలుగు నేల మీద జరిగిన అతి పెద్ద మేలు ఇదే. ధనవంతుల క్లబ్బుల ఆటగా పేరుపడినదాన్ని కూలి చేసుకునే ఇళ్ల పిల్లలు నేర్చుకుని జాతీయ పోటీల్లో పతకాలు తెస్తున్నారు. తెలంగాణకు చెందిన ప్రీతి కొంగర 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుధాంశు శేఖర్‌తో కలిసి 470 మిశ్రమ విభాగంలో దేశం తరఫున పోటీపడింది. 470 అంటే 4.7 మీటర్ల పొడవున్న ఇద్దరి పడవ. అవే క్రీడల్లో రజతం తెచ్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్ అమ్మాయి. ఆమె నేర్చుకున్నది భోపాల్ చెరువులో. సముద్రం లేనిచోట సెయిలర్లు పుట్టరన్న మాటకు ఇక విలువ లేదు. సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు ఉంది, పులిచింతల ఉంది, సాగర్ ఉంది. నేర్పే మనిషీ నాలుగు ఆప్టిమిస్ట్ పడవలూ ఉంటే చాలు. పదిహేనేళ్లలోపు పిల్లల కోసమే చేసిన ఆ పడవ మడుగంత నీటిలో కూడా తిరుగుతుంది.

పోటీ పడవలోనూ పాత పెద్దరికం కొత్త పేర్లతో ఉంది. చుక్కాని పట్టినవాళ్లు హెల్మ్, తక్కినవాళ్లు క్రూ, పెద్ద పడవకు స్కిప్పర్. గాలికి సూటిగా ఎదురు పోవడం ఏ తెరచాప పడవకూ సాధ్యం కాదు. సుమారు 45 డిగ్రీల వారగా ఒకసారి ఇటు, ఒకసారి అటు వంకరటింకరగా పోయి గమ్యం చేరాలి. ఎప్పుడు తిప్పాలో చెప్పేది ఒక్కరే, ఆ క్షణంలో తక్కినవారంతా మాట వినితీరాలి. స్కిప్పర్‌కు తెలుగులో సరంగు అన్న మాట చక్కగా సరిపోతుంది. మామూలు సెయిలర్‌కు సరిపోదు. ఒంటరిగా లేజర్ పడవ నడిపే కుర్రాణ్ని సరంగు అనడం, చెరువులో తెప్ప మీద వెళ్లేవాణ్ని సరంగు అన్నంత తప్పు.

సామెతల్లో

గాలివాటం అనే మాట ఇవాళ రాజకీయాల గురించి రాసేటప్పుడే ఎక్కువగా వాడుతున్నాం. అది తెరచాప పడవవాళ్ల మాట. దారితప్పిన సంసారాన్ని చుక్కాని లేని నావ అంటాం. పడవ నడిపేవాడి పట్ల జనం తీరును సామెతలు దాచకుండా చెప్పాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అన్నారు. రెండూ పడవవాడి వైపు నిలబడి దాటినవాడిని నిలదీసేవే. మెట్ట ఊళ్లలో కూడా ఈ సామెతలు నిత్యం వినిపిస్తాయి. మనిషి చేసిన మేలును మరిచేవాడి గురించి చెప్పడానికి ఏటినీ పడవనూ మించిన పోలిక దొరకలేదు కాబోలు. ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘మూగమనసులు’ (1964)లో అక్కినేని నాగేశ్వరరావు వేసిన గోపి పాత్రతో గోదావరి పడవవాడు తెలుగు ప్రేక్షకుల ఇష్టుల్లో చేరాడు. సరంగుకు అంతటి పాత్ర తెలుగు సినిమాలో ఇంకా దొరకలేదు.

స్త్రీలింగం

సరంగుకు, తండేలుకు తెలుగులో స్త్రీలింగ రూపాలు లేవు. ఆ పనుల్లోకి ఆడవాళ్లను రానివ్వకపోవడమే కారణం. నావికుడికి నావికురాలు ఉంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే యాభై అయిదు అడుగుల తెరచాప నౌకలో ఆరుగురు నౌకాదళ అధికారిణులు భూగోళాన్ని చుట్టి రావడానికి బయలుదేరారు. ఆ యాత్ర పేరు నావికా సాగర్ పరిక్రమ. ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు: విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి. సుమారు 21,600 నాటికల్ మైళ్లు ప్రయాణించి, దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ చుట్టి, 254 రోజుల తర్వాత 2018 మే 21న గోవా చేరారు. నౌకను నడిపించిన వర్తికా జోషిని పత్రికలన్నీ స్కిప్పర్ అనే రాశాయి. అదే తారిణిలో దిల్నా, రూప అనే ఇద్దరు అధికారిణులు మాత్రమే 2024 అక్టోబరు 2న బయలుదేరి, మళ్లీ ప్రపంచం చుట్టి 2025 మే 29న తిరిగి వచ్చారు. వీరిని సరంగులు అనడానికి వ్యాకరణం అడ్డురాదు. డాక్టరు, కలెక్టరు, సర్పంచి అనే మాటలను మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకే రూపంలో వాడుతున్నట్టే, ‘సరంగు వర్తికా జోషి’ అని తెలుగులో నిరభ్యంతరంగా రాయవచ్చు.